ప్రామాణిక పచ్చడి

సారగెడ్డ నగర పంచాయతీలో పంతొమ్మిది వీధులు, నాలుగు వందల పన్నెండు వీధి దీపాలు, ఒక లైట్‌మేన్ ఉన్నారు. లైట్‌మేన్ పేరు తవిటయ్య. పద్నాలుగేళ్లుగా కాంట్రాక్టు మీద పనిచేస్తున్నాడు. ఏటా మార్చి నెలాఖరుకి కాంట్రాక్టు అయిపోతుంది, ఏప్రిల్ రెండో వారంలో మళ్లీ వస్తుంది. మధ్యలో ఆ పది రోజులూ తవిటయ్య ఉద్యోగి కాడు గాని, దీపాలు వెలిగించడం మాత్రం మానడు.

వీధికొక స్విచ్చు. స్తంభానికి మనిషి ఎత్తున రేకు డబ్బా, డబ్బాలో స్విచ్చు. సాయంత్రం సైకిలు మీద బయలుదేరితే పంతొమ్మిది వీధులూ తిరగడానికి గంటన్నర. చీకటి పడే లోపల అయిపోయేది కాబట్టి దానితో పేచీ లేదు. పేచీ అంతా పొద్దున. ఐదున్నరకి మొదలుపెడితే చివరి వీధికి వచ్చేసరికి ఏడు. అప్పటికి ఎండ వచ్చేది, ఎండలో దీపాలు వెలుగుతూ ఉండేవి. పాచి పళ్లతో అరుగుల మీద కూర్చున్నవాళ్లు తవిటయ్యను చూసి, "సూరీడికి దారి సూపిస్తన్నావేటి?" అని అడిగేవారు.

కొన్నాళ్లు పడ్డాడు. తర్వాత ఒక సంగతి గమనించాడు. ప్రతి వీధిలోనూ అందరికంటే ముందు లేచే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి ఎవరో వీధిలో అందరికీ తెలుసు. తవిటయ్య అలాంటి పంతొమ్మిది మందినీ కలిసి, డబ్బా ఎలా తెరవాలో, స్విచ్చు ఎటు నొక్కాలో చూపించాడు. "ఎప్పుడార్పాల?" అని అందరూ అడిగారు. "నీకు తెల్లారినప్పుడు" అన్నాడు.

ఎవరికి ఎప్పుడు తెల్లారుతుందో వాళ్లే చూసుకున్నారు. గొల్లవీధిలో పాల సన్నాసికి గేదె నుదుటి మీద చుక్క గడప దగ్గర్నుంచి కనబడితే తెల్లారినట్టు. మసీదు వీధిలో ఖాదర్ భాయ్‌కి, నమాజు చేసి బయటికి వచ్చినవాళ్లు తడుముకోకుండా ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుంటే తెల్లారినట్టు. బడి వీధిలో రిటైరైన హెడ్మాస్టరుకి పేపర్లో పెళ్లి ప్రకటనలు చదవగలిగితే తెల్లారినట్టు. బజారు మొగలో ఇడ్లీలు వేసే అసిరమ్మ దగ్గర రెండు గిన్నెలుంటాయి. ఒకదాంట్లో అల్లం పచ్చడి, ఒకదాంట్లో వేరుశనగ పచ్చడి. ఆమె బండి రేకుల చూరు కింద ఉంటుంది, స్తంభం వెలుగు గిన్నెల దాకా రాదు. చీకట్లో రెండూ ఒక్కలాగే ఉంటాయి. ఏది అల్లమో ఏది వేరుశనగో నాలుక మీద వేసుకోకుండా తెలిసినప్పుడు అసిరమ్మ చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వెళ్లి స్విచ్చు ఆర్పేది.

మబ్బు పట్టిన రోజు ఆలస్యంగా, వేసవిలో ముందుగా, ఎవరూ గడియారం చూడకుండానే పంతొమ్మిది వీధులూ ఐదారు నిమిషాల తేడాలో ఆరిపోయేవి. ఈ ఏర్పాటుకి పేరు లేదు, కాగితం లేదు. ఎనిమిదేళ్లు నడిచింది.

తొమ్మిదో ఏట రాజధాని నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పట్టణాలు ఒకదాన్నుంచి ఒకటి నేర్చుకుని కర్బన ఉద్గారాలు తగ్గించుకోవాలి. ప్రతి పట్టణం మూడు నెలలకి ఒక మంచి పద్ధతి నేర్చుకోవాలి, ఒక మంచి పద్ధతి నేర్పాలి. నూట పది పట్టణాలకీ ర్యాంకులు ఇస్తారు. నేర్పడానికి ఏమీ లేని పట్టణం, ఎందుకు లేదో రాతపూర్వకంగా తెలియజేయాలి.

కమిషనర్ శశిభూషణరావు ఉత్తర్వును రెండుసార్లు చదివి సమావేశం పిలిచాడు. ఆయన ఫైలులో రాసినట్టే మాట్లాడతాడు.

"మన వద్ద ఇతరులకు బోధింపదగిన అంశమేదైనా కలదా?" అని అడిగాడు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ బల్ల వైపు చూశాడు. ఆయన చెత్త కుప్ప ఊరి చివర ఆరు నెలలుగా కాలుతోంది. ఇంజనీరు, పార్కు మంజూరై ఉన్నదనీ, స్థలం దొరికిన వెంటనే మొక్కలు నాటగలమనీ చెప్పాడు. అప్పుడు బిల్లుల గుమాస్తా లేచి, ఈ సైజు పట్టణాలన్నిట్లోకీ వీధి దీపాలకి తక్కువ యూనిట్లు కాలేది మన దగ్గరేనని, ఎందుకో తనకు తెలియదని అన్నాడు.

తవిటయ్యను పిలిపించారు. అతను చెప్పులు గుమ్మం బయట వదిలి వచ్చాడు.

"ఏమయ్యా, దీపముల నిర్వహణలో నీవు అవలంబిస్తున్న విధానమేమిటి?"

"ఇదానమేటి లేదు బాబూ. ముందు లెగిసినోలు ఆర్పేస్తారు."

"ఎవరు?"

"ఎవులు ముందు లెగిస్తే ఆలు."

కమిషనర్ కలం తీశాడు. 'సముదాయ భాగస్వామ్య ఉషఃకాల దీప నిర్వాపణ విధానం' అని రాసుకున్నాడు. రాసింది ఒకసారి పైకి చదివాడు. గదిలో అందరూ బాగుందన్నారు. తవిటయ్యకి అది తన గురించేనని తెలియడానికి కొంత సమయం పట్టింది.

"దీనివలన మన పట్టణమునకు ప్రథమ స్థానము లభించినచో, నిన్ను పర్మినెంటు చేయవలసినదిగా నేనే స్వయంగా సిఫారసు పంపెదను" అన్నాడు కమిషనర్.

తవిటయ్య ఆ మాట పద్నాలుగేళ్లలో మూడుసార్లు విన్నాడు. 'స్వయంగా' అనడం మాత్రం ఇదే మొదటిసారి.

విధానాన్ని అధ్యయనం చేయడానికి రాజధాని నుంచి ప్రణవ్ అనే కన్సల్టెంటు వచ్చాడు. తెల్లవారుజామున జరిగేది చూడడానికి పదకొండు గంటలకు వచ్చాడు. తవిటయ్య అతన్ని వీధులన్నీ తిప్పి ఎవరి లెక్క ఏమిటో చెప్పాడు. ప్రణవ్ టాబ్లెట్‌లో రాసుకున్నాడు. రాసుకుని, అసిరమ్మ బండి దగ్గర స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే కొట్టేశాడు.

"గేదె ఉండదండీ అన్ని ఊళ్లలో. చెప్పులు ప్రార్థనాస్థలం దగ్గరివి, సెన్సిటివ్. న్యూస్‌పేపర్ అంటే చదువు రానివాళ్లని మినహాయించినట్టు. మనకి కావలసింది రెప్లికేట్ అయ్యేది. ప్రతి ఊళ్లోనూ ఉండేది." అతను గిన్నెల వైపు చూశాడు. "పచ్చడి."

"పచ్చడికేటి బాబూ?" అంది అసిరమ్మ.

"మీరు చేస్తున్నది ఆప్టికల్ మెజర్‌మెంట్, అమ్మా. రెండు శాంపిల్స్ మధ్య కలర్ డిఫరెన్స్. దీన్ని చట్నీ ఇండెక్స్ అందాం."

"ఏటైనా అను గాని, ఇడ్లీ పెట్టీమంటావా, లేదా?"

ప్రణవ్ నాలుగు ఇడ్లీలు తిన్నాడు. తింటూ అల్లం పచ్చడిని ఫొటో తీశాడు. వేరుశనగ పచ్చడిని కూడా తీశాడు. ఎండలో రెండింటికీ తేడా బాగా వచ్చింది.

ఆ త్రైమాసికంలో సారగెడ్డ నూట పది పట్టణాల్లో ఒకటో స్థానంలో నిలిచింది. ఆ వెంటనే ప్రతినిధి బృందాలు రావడం మొదలైంది.

ప్రతి బృందానికీ దీపం ఆర్పడం చూపించాలి. బృందాలు టిఫిన్లు చేసి, అతిథి గృహం నుంచి బయలుదేరి వచ్చేసరికి పదకొండు. ఆరిపోయిన దీపాన్ని మళ్లీ ఆర్పి చూపించడం వీలుకాదు. అందుచేత బృందం వచ్చే రోజు దీపాలను బృందం వచ్చేదాకా ఆర్పరాదని కమిషనర్ నోటు రాశాడు. ఒక వీధి ఒక్కటే వెలుగుతూ ఉంటే అనుమానంగా ఉంటుందని, పంతొమ్మిదీ ఉంచమన్నాడు.

మొదటి బృందం వచ్చిన రోజు అసిరమ్మ అలవాటు ప్రకారం చేయి కడుక్కుని స్తంభం వైపు నడిచింది. తవిటయ్య అడ్డం వచ్చాడు.

"అప్పా, ఇప్పుడు కాదు. ఆలు రావాల."

"ఎవులు?"

"కొండరాజుపేటోలు. సూసి నేర్సుకుంటారంట."

"తెల్లారి ఎంత సేపైనాది! ఈపాటికి ఆల ఊర్లో తెల్లారలేదేటి?"

"తెల్లారింది గాని, ఎలాగార్పాలో తెలీదంట."

అసిరమ్మ చేయి తుడుచుకుని వెళ్లి కూర్చుంది. పదకొండుంపావుకి మూడు కార్లలో కొండరాజుపేటవాళ్లు వచ్చారు. దండలు, ప్రసంగాలు అయ్యాయి. అసిరమ్మ గిన్నెలు చూసి తల ఊపి, వెళ్లి స్విచ్చు నొక్కింది. చప్పట్లు కొట్టారు. ఫొటోగ్రాఫరు సరిగా రాలేదన్నాడు. మళ్లీ వెలిగించారు. మూడోసారికి, దీపం ఆరినట్టు ఫొటోలో తెలియడం లేదని వెనక నల్లగుడ్డ పట్టుకున్నారు.

ఆ సంవత్సరం ముప్పై ఆరు బృందాలు వచ్చాయి.

నేర్చుకుని వెళ్లిన పట్టణాలు అమలు మొదలుపెట్టాయి. అక్కడినుంచి ఉత్తరాలు రాసాగాయి. ఒక పట్టణంలో ఇడ్లీల్లోకి కొబ్బరి పచ్చడీ కారప్పొడీ వేస్తారు. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. చుక్కల వెలుగులో కూడా తేడా తెలిసిపోతుంది. అక్కడ నాలుగింటికే దీపాలు ఆర్పేశారు, ఇద్దరు కాలవలో పడ్డారు. ఇంకో పట్టణంలో హోటలువాడు పల్లీ, అల్లం కలిపి ఒకే మిక్సీలో తిప్పుతాడు. గిన్నెలు రెండైనా పచ్చడి ఒకటే. అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా తేడా తెలియక దీపాలు ఆర్పలేదు. కొండ మీది పట్టణం ఒకటి, మా దగ్గర పొద్దున్నే అంబలి తాగుతారు, పచ్చడి ఎవరు చేయాలో సెలవివ్వమని రాసింది.

విధానంలో లోపం లేదని, పచ్చడిలో ఏకరూపత లేదని రాజధానిలో తేల్చారు. ప్రామాణిక పచ్చడి కమిటీ వేశారు. అందులో ఒక విద్యుత్ ఇంజనీరు, ఒక కంటి డాక్టరు, ఒక ఆహార భద్రత అధికారి, ఒక వ్యవసాయ శాస్త్రవేత్త, ప్రణవ్ ఉన్నారు. వంట వచ్చినవాళ్లు లేరు. కమిటీ నాలుగు నెలలు కూర్చుని ముప్పై ఒక్క పేజీల మార్గదర్శకాలు ఇచ్చింది.

దాని ప్రకారం, పచ్చడిని ఇకమీదట స్థానికంగా తయారుచేయరాదు. జిల్లా కేంద్రంలో ప్రాంతీయ పచ్చడి కేంద్రం ఉంటుంది. అక్కడినుంచి సీలు వేసిన గిన్నెల్లో, రంగు మారకుండా మంచు పెట్టెలో, వ్యానులో రోజూ ప్రతి పట్టణానికీ పంపుతారు. వీధిలో ముగ్గురుండాలి. పరిశీలకుడు గిన్నెలు చూసి తేడా ప్రకటిస్తాడు. నిర్ధారకుడు నిర్ధారించి సంతకం చేస్తాడు. నిర్వాపకుడు స్విచ్చు నొక్కుతాడు. శిక్షణ పొందనివారు స్విచ్చు ముట్టరాదు. ప్రమాణేతర పచ్చడి ఏదైనా స్తంభానికి యాభై మీటర్ల లోపల ఉన్నచో పరిశీలకుని దృష్టి మరలే అవకాశం ఉన్నందున తొలగించవలెను.

నిర్వాపకుడిగా తవిటయ్యను వేశారు. అతనికి రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. మొదటి రోజు కర్బనం గురించి. రెండో రోజు, స్విచ్చును పైకి నొక్కినచో దీపము ఆరునని, కిందికి నొక్కినచో వెలుగునని బొమ్మలతో చూపించి, చివర పరీక్ష పెట్టారు. తవిటయ్యకి నూటికి తొంభై రెండు వచ్చాయి. ఎనిమిది మార్కులు ఎక్కడ పోయాయో చెప్పలేదు.

అసిరమ్మ బండి స్తంభానికి పదహారు మీటర్ల దూరంలో ఉంది. టేపు పెట్టి కొలిచారు. పదకొండేళ్లుగా బజారు మొగలో ఉన్న బండిని చేపల మార్కెట్టు వెనక్కి తోశారు. నోటీసు తవిటయ్యే తీసుకెళ్లాడు.

"నా పచ్చడికేటొచ్చినాదిరా?"

"ప్రమాణేతరమంట, అప్పా."

"అంటే పులిసిపోయిందనా?"

"కాదు. ఆల పచ్చడి కాదని."

"నా పచ్చడి సూసే కదరా ఆలు నేర్సుకున్నారు!"

తవిటయ్య నోటీసు బండి అంచున పెట్టాడు. ఆమె దాన్ని గిన్నె కిందికి తోసింది.

"నువ్వు ఆ నాడు నోరు మూసుకుని ఉంటే ఏటయ్యేది?"

"అడిగినారు, సెప్పీసినాను."

"మరి పెరమెంటైందా?"

"లేదు."

"కాదు కూడాను" అంది అసిరమ్మ. బండి చక్రం తనే తోసుకుంది. తవిటయ్య రెండో చక్రం పట్టాడు.

చేపల మార్కెట్టు వెనక ఇడ్లీలు తినడానికి ఎవరూ రాలేదు. వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని తిన్నారు. మూడు వాయలు వేసే మనిషి ఒక వాయకి దిగింది.

వ్యాను ఐదింటికి జిల్లా కేంద్రంలో బయలుదేరేది. దారిలో ఎనిమిది పట్టణాలకి పచ్చడి ఇచ్చి సారగెడ్డకి వచ్చేసరికి తొమ్మిదిన్నర. వ్యాను ఒకటి, వీధులు పంతొమ్మిది. ప్రతి వీధిలో సీలు విప్పాలి, చూడాలి, ప్రకటించాలి, నిర్ధారించాలి, సంతకం చేయాలి, ఆర్పాలి, మళ్లీ సీలు వేయాలి. ఎండలో గిన్నెల మీద మూత తీసి, "తేడా కనబడుచున్నది" అని పరిశీలకుడు ప్రకటిస్తే, "కనబడుచున్నది" అని నిర్ధారకుడు చెమట తుడుచుకుంటూ రాసేవాడు. ఆఖరి వీధి ఆరేసరికి మధ్యాహ్నం రెండు. సాయంత్రం ఐదున్నరకి తవిటయ్య మళ్లీ వెలిగించడానికి బయలుదేరేవాడు.

యూనిట్లు ఒకటిన్నర రెట్లు దాటాయి. సారగెడ్డ ఒకటో స్థానం నుంచి నూట నాలుగో స్థానానికి వచ్చింది. ఆఖరి పది పట్టణాలకీ మెమోలు వచ్చాయి. కమిషనర్‌కి వచ్చిన మెమోను ఆయన ఇంజనీరుకి పంపాడు, ఇంజనీరు గుమాస్తాకి పంపాడు, గుమాస్తా తవిటయ్యకి ఇచ్చాడు. తవిటయ్య కింద ఇంకెవరూ లేరు.

'వీధి దీపముల వినియోగము ఒకటిన్నర రెట్లకు మించి నమోదైనందున, మీ కాంట్రాక్టును ఏల పునరుద్ధరింపరాదో కాక, ఏల పునరుద్ధరింపవలెనో మూడు దినములలో తెలియజేయవలెను' అని ఉంది. తవిటయ్య ఒక రాత్రి ఆలోచించి ఒక వాక్యం రాసి ఇచ్చాడు: 'పొద్దున్నే ఆర్పనివ్వడం లేదు.'

కమిషనర్ పిలిపించాడు. "ఇది వివరణ కాదయ్యా, ఆరోపణ" అన్నాడు. కాగితం వెనక్కి ఇచ్చి, గొంతు తగ్గించాడు. "చూడు. ఈ పర్యాయం ప్రథమ స్థానం కొండరాజుపేటకు వచ్చింది. మన వద్ద నేర్చుకున్నవారే. ఇప్పుడు మనం వారి వద్ద నేర్చుకొనవలెనని ఆదేశం. నీవు కూడా రా. వారు ఏమి చేయుచున్నారో కళ్లారా చూచి రిపోర్టు రాయి. వారి మోడల్ మనకు దక్కినచో నీ పర్మినెంటు ఫైలు అదే దినమున పైకి పోవును. దక్కనిచో..." ఆయన మెమో వైపు చూశాడు.

ఆ రోజు తేదీ మార్చి పదకొండు.

కొండరాజుపేటకి మూడు కార్లలో వెళ్లారు. రాత్రి బస అక్కడే. ఉదయం పదింటికి హాల్లో ప్రజెంటేషన్ ఉంటుందన్నారు. తవిటయ్యకి ఐదింటికి మెలకువ వచ్చింది. అలవాటు. బయటికి వచ్చి రోడ్డు మీద నిలబడ్డాడు. దీపాలు వెలుగుతున్నాయి. తూర్పున తెలుపు వచ్చింది. బస్టాండు వైపు ఒక వీధి ఆరింది. కాసేపటికి ఎడమ పక్క వీధి ఆరింది. తర్వాత ఎదురుగా ఉన్నది. తవిటయ్య నిలబడి చూశాడు. ఎక్కడా వ్యాను లేదు.

బస్టాండు మొగలో టీ కొట్టతను స్తంభం దగ్గర్నుంచి చేతులు దులుపుకుంటూ వస్తున్నాడు. బెంచీ మీద కూర్చుని చూస్తున్న మనిషి చొక్కా జేబులో టెస్టరు ఉంది. లైట్‌మేన్ అని తవిటయ్యకి తెలిసిపోయింది. పేరు గవరయ్య అని తర్వాత తెలిసింది. గవరయ్య కూడా తవిటయ్య జేబులో టెస్టరు చూశాడు. చూసి లేచి నిలబడ్డాడు.

"సారగెడ్డోరా?"

"అవును."

"ఓలమ్మో! నువ్వు లెగిసిపోతావని అనుకోలేదు. మీ బాబులు తొమ్మిదింటికి గాని లెగరని సెప్పినారు."

"బాబులు లెగలేదులే."

గవరయ్య రెండు టీలు చెప్పాడు. వచ్చాక అటూ ఇటూ చూశాడు.

"నిరుడు మీ ఊరొచ్చినప్పుడు మా బాబులు దండలేస్తుంటే నేను ఆ ఇడ్లీలప్ప దగ్గర కూకున్నాను. ముందు లెగిసినోలు ఆర్పడమేనని ఆవిడ సెప్పీసినాది. ఇంటికొచ్చి అదే సేసినాను."

"మరి పచ్చడో?"

"పచ్చడి యాన్ మాకు ఎనిమిదింటికొస్తాది. అప్పటికి ఊరంతా ఆరిపోయుంటాది. గాంధీ బొమ్మ కాడ ఒక్క స్తంభం మటుకు వెలిగించి ఉంచుతాను. ఆలు అక్కడే సీలిప్పి, సూసి, రాసుకుని ఎల్లిపోతారు. మిగతా వీధులేయని అడిగితే, అయిపోనాయంటాను. ఎండలో తిరగమంటే ఎవులికి సరదా?"

తవిటయ్య నవ్వాడు. చాలా నెలల తర్వాత నవ్వాడు.

"బావా, నువ్వు ఒక తప్పు సేసినావు" అన్నాడు.

"ఏటి?"

"ఫస్టొచ్చీసినావు."

గవరయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. "అదే నాకూ బెంగ. మీరు మొదటి బండి. వచ్చే నెల పదకొండు బళ్లొస్తన్నాయంట. నీ కాళ్లట్టుకుంటాను, రిపోర్టులో రాయకు. మీ ఇడ్లీలప్ప బండి తీయించీసినారని ఇన్నాను. నువ్వు రాస్తే ఈ టీ కొట్టు కూడా అలాగే పోతాది."

"నేను రాయకపోతే ఇంకొకడు రాస్తాడు. నువ్వే ఎనక్కి రావాల. ఆఖరి పదిలో ఉంటే మెమో. మొదటి యాభైలో ఉంటే బళ్లొస్తాయి. యాభైకి తొంభైకి మధ్యలో ఉన్నోడి మొకం ఎవులూ సూడరు. నేర్పమనరు, నేర్సుకోమనరు."

"ఎలాగొస్తాను ఎనక్కి?"

"పగలు ఒక వీధి వెలగనీ. ఎక్కువనిపిస్తే ఆర్పు, తక్కువనిపిస్తే ఇంకోటి వెలిగించు. అన్నంలో ఉప్పేసుకున్నట్టు సూసుకోవాల."

"ఏ వీధి వెలగనిమ్మంటావు? జనం అడుగుతారు కదేటి."

తవిటయ్య ఆలోచించాడు. "మునిసిపల్ ఆఫీసు వీధి" అన్నాడు. "అక్కడ ఎవులూ తలెత్తి సూడరు."

ఇద్దరూ ఇంకో టీ తాగారు. ప్రభుత్వం ఆశించిన పరస్పర అభ్యసనం ఆ జిల్లాలో ఒకే ఒక్కసారి జరిగింది. అది ఆ బెంచీ మీద, ఆరూ ఇరవైకి పూర్తయింది. పదింటికి హాల్లో మొదలైన ప్రజెంటేషన్ మధ్యాహ్నం ఒంటిగంట దాకా సాగింది. అందులో నలభై స్లైడ్లు ఉన్నాయి. ఇరవై రెండో స్లైడులో అసిరమ్మ గిన్నెల ఫొటో ఉంది. కింద 'కొండరాజుపేట నమూనా' అని రాశారు.

తిరిగి వచ్చాక తవిటయ్యకి రిపోర్టు ఫారం ఇచ్చారు. పేరు, హోదా, సందర్శించిన పట్టణం. నాలుగో గడి పెద్దది: 'పరిశీలించిన, అమలుచేయదగిన ఉత్తమ పద్ధతులు'. కమిషనర్ ఎదురుగా కూర్చున్నాడు. పక్కన పర్మినెంటు ఫైలు ఉంది. తాడు కట్టి, పైన పేరు రాసి ఉంది. తవిటయ్య తన పేరు ఫైలు మీద చూడడం అదే మొదటిసారి. తండ్రి పేరు కూడా సరిగ్గానే రాశారు.

అతను ఆ గడి వైపు చాలాసేపు చూశాడు. ఇంట్లో భార్య ఏమంటుందో అనుకున్నాడు. తర్వాత చేపల మార్కెట్టు వెనక బండి తలచుకున్నాడు. ఫారంలో 'లేవు' అని రాశాడు.

కమిషనర్ చదివాడు. "ఒక్కటి కూడా కనబడలేదా?"

"నాకు తెలిసినయే ఉన్నాయి బాబూ."

"మరి వారికి యూనిట్లు ఎట్లు తగ్గినవి?"

"అదే తెలీలేదు. పొరపాటున తగ్గుంటాయి."

కమిషనర్ ఫైలు తాడు సరిచేసి, బీరువాలో పెట్టాడు. తవిటయ్య లేవబోయి ఆగాడు.

"బాబూ, ఒక్క మాట. పచ్చడి యాన్ ఊరంతా తిరుగుతాంది. తమరికి కనబడ్డం లేదు. మన ఆఫీసు ముందర స్తంభం కాడే సూపించమంటే, తమరు కిటికీలోంచి పర్యవేక్షణ సెయ్యొచ్చు. పైనుంచెవులైనా వొచ్చినా బాగుంటాది."

పర్యవేక్షణ అన్న మాట కమిషనర్‌కి నచ్చింది. 'పరిపాలనా సౌలభ్యం దృష్ట్యా ఆఫీసు వీధిని ఆదర్శ నిర్వాపణ కేంద్రంగా గుర్తించడమైనది' అని అప్పుడే నోటు రాశాడు. ప్రామాణిక పచ్చడి బజారు మొగకి రావడం మానేసింది కాబట్టి అక్కడ ప్రమాణేతర పచ్చడి ఉండడానికి అడ్డు లేకపోయింది. మర్నాడు అసిరమ్మ బండి తోసుకుని వస్తుంటే చక్రం ఒకటి తవిటయ్య పట్టాడు. పాల సన్నాసికి, ఖాదర్ భాయ్‌కి, హెడ్మాస్టరుకి, మిగతా పదిహేను మందికీ కబురు వెళ్లింది. ఎవరూ ఏమీ అడగలేదు.

ఆఫీసు వీధిలో ముప్పై దీపాలున్నాయి. వ్యాను వస్తే మధ్యాహ్నానికి ఆరేవి, రాకపోతే సాయంత్రం దాకా వెలిగేవి. మార్చి ర్యాంకు అరవై రెండు వచ్చింది. తవిటయ్యకి అది కొంచెం దగ్గరగా ఉన్నట్టు అనిపించి, ఏప్రిల్‌లో వారానికి రెండు రోజులు తాలూకాఫీసు వీధి కూడా వెలగనిచ్చాడు. కాంట్రాక్టు ఏప్రిల్ రెండో వారంలో ఎప్పటిలాగే వచ్చింది.

మే నెలలో ఒక రోజు పన్నెండు గంటలప్పుడు కమిషనర్ కారు దిగి పైకి చూశాడు. తల మీద దీపం వెలుగుతోంది.

"ఏమయ్యా, ఇవి పట్టపగలు వెలుగుచున్నవేమి?"

తవిటయ్య సైకిలు దిగాడు. "పచ్చడింకా రాలేదు బాబూ. తెల్లారినాదో లేదో సూడకుండా ఎలాగార్పమంటారు?"

కమిషనర్ ఎండకి కళ్ల మీద చేయి అడ్డం పెట్టుకుని ఆకాశం వైపు చూశాడు. జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

"నిజమే. తొందరపడరాదు" అన్నాడు, లోపలికి వెళ్లిపోయాడు.

జూన్‌లో కొత్త జాబితా వచ్చింది. మర్నాడు పొద్దున ఐదుంపావుకి తవిటయ్య బజారు మొగకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి వాయ ఇంకా దిగలేదు.

"ఎన్నో నెంబరొచ్చినాది?" అంది అసిరమ్మ.

"డెబ్బై ఒకటి. గవరయ్యకి డెబ్బై నాలుగు."

"ఆడు నీకన్నా తెలివైనోడు."

"మరే."

"పెరమెంటైతే బాగుణ్ను గాని" అంది ఆమె. ఆమె ఇడ్లీ పాత్ర మూత తీసింది, ఆవిరి చూరు కిందికి ఎగసి పోయింది. రెండు ఇడ్లీలు ఆకులో పెట్టి గిన్నెల వైపు వంగింది.

"ఏదేయమంటావు? అల్లమా, వేరుశనగా?"

తవిటయ్య గిన్నెల వైపు చూశాడు. "ఏదేదో తెల్లేదు, అప్పా."

"నాకు తెలిసింది" అంది అసిరమ్మ. ఆకు అతని చేతిలో పెట్టి, చేయి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ స్తంభం వైపు నడిచింది.